సెలవుల్లో తీసే దృశ్యచిత్రాలు – కొత్తగా నేర్చుకునేవారికి

(సొసైటీ వార్షిక కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి, ఆరోగ్యం గురించి చెప్పగలవారు మాకన్నా పెద్దలు చాలామంది ఉన్నారు. మాకు తెలిసిందల్లా ఫోటో పని. నలభై ఏళ్లుగా చిన్న స్టూడియో నడుపుకుంటున్నాము. కార్యదర్శి గారు మా దుకాణానికి వచ్చి "సెలవుల్లో ఊళ్లు తిరిగే వాళ్లకు కొండలూ నదులూ ఎట్లా ఫోటో తీయాలో ఒక అరగంట చెప్పండి" అన్నారు. సొసైటీ సభలో ఇదేం విషయం, ఇంతకన్నా అవసరమైనవి లేవా అని కొందరికి అనిపించవచ్చు. అవసరమైనదే అని మా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాము.

కడప, రాయచోటి, ప్రొద్దుటూరు వైపు మన వీధుల్లో గల్ఫుకు పోయిన మనిషి లేని ఇళ్లు తక్కువ. రెండేళ్లకొకసారి ఛుట్టీ. నెల, మహా అయితే నెలన్నర. అందులో పెళ్లిళ్లకు కొన్ని రోజులు, ఆస్పత్రులకు కొన్ని, బ్యాంకులకూ కాగితాలకూ కొన్ని పోగా భార్యాబిడ్డలతో, తల్లిదండ్రులతో కలిసి ఎక్కడికైనా పోయేది ఒకటో రెండో రోజులు. ఆ రెండు రోజుల ఫోటోలే మళ్లీ రెండేళ్లపాటు కువైట్లోనో రియాద్‌లోనో ఆరుగురుండే గదిలో మంచం పక్కన గోడమీద ఉంటాయి. ఇక్కడ ఇంట్లో ఉండిపోయిన ముసలివాళ్లకు కూడా ఆ ఊరు చూడడమంటే ఆ ఫోటోల్లో చూడడమే. కనుక ఇది వట్టి సరదా వ్యవహారం కాదు.

క్రిందటేడు మా వీధి అబ్బాయి ఒకడు డిసెంబరులో ఛుట్టీకి వచ్చాడు. అక్కడ డ్రైవరు పని. ఇంటిల్లిపాదినీ జీపు మాట్లాడి గండికోట తీసుకుపోయాడు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లే కదా. మోకాళ్ల నొప్పులతో వాళ్లమ్మ మాత్రం పోలేదు. వాళ్లు తిరిగి వచ్చిన మర్నాడు అతడు మా దగ్గరకు వచ్చి, నాలుగు వందల పైచిలుకు ఫోటోలున్న ఫోను మా చేతిలో పెట్టి "చాచా, వీటిలో గోడకు పెట్టేది ఒకటి తీసి పెద్దది చేయండి" అన్నాడు. చూశాము. అన్నిటిలోనూ మొహాలే. మొహాల వెనక తెల్లగా పాలిపోయిన ఆకాశం. ఒకదాంట్లో కోటగోడ ముక్క, ఇంకొకదాంట్లో జీపు. రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని చూస్తుంటే వాళ్లమ్మ అడిగిందట: "కోట సరే, ఆ గండి యాడుందిరా అబ్బయ్యా?" గండికోట అన్న పేరులోనే గండి ఉంది. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన ఆ లోయ కోసమే జనం అంత దూరం పోతారు. నాలుగు వందల ఫోటోల్లో అది లేదు.

అబ్బాయికి పట్టుదల వచ్చింది. ఇంకా ఇరవై రోజులు సెలవుంది, నేర్పిస్తారా అన్నాడు. నేర్పించాము. అతనికి చెప్పిన మాటలనే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

మొట్టమొదట అతడు అడిగింది కెమెరా కొనమంటారా అని. వద్దన్నాము. ఇప్పటి సాధారణ ఫోనులో కూడా కోటీ ఇరవై లక్షల చుక్కల బొమ్మ వస్తుంది, అనగా 4000 అడ్డం, 3000 నిలువు. ఆరంగుళాలు నాలుగంగుళాల కాగితం మీద శుభ్రంగా అచ్చు వేయడానికి 21 లక్షల 60 వేల చుక్కలు చాలు. మేము పని నేర్చుకున్న కాలంలో ఇళ్లలో ఉండే ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక రీలుకు పన్నెండే బొమ్మలు. దానితోనే ఊటీ నుంచి, నాగార్జునసాగర్ నుంచి చక్కని దృశ్యాలు తెచ్చినవాళ్లున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ పెట్టెలంత కెమెరాలు, గాజు పలకలు మోయించుకుని దేశమంతా తిరిగాడు. ఆయన 1905లో పోయాడు. ఇవాళ మన జేబులో ఉన్న వస్తువును చూసి ఉంటే ఏమనేవాడో! కనుక కెమెరా కొనే డబ్బు ఇంకో ప్రయాణానికి దాచుకోండి.

అయితే కంటికి అంత పెద్దగా కనబడిన కొండ ఫోటోలో చీమపుట్టలా ఎందుకు వస్తుంది? ప్రతివాళ్లూ అడిగేది ఇదే. కారణం రెండు రకాలు. కన్ను చూడదలచిన దాని మీదే నిలుస్తుంది, మిగతాది మనసు పక్కకు నెట్టేస్తుంది. కెమెరాకు మనసు లేదు. కొండను, కరెంటు తీగను, చిప్సు కవరును ఒక్క తీరుగానే చూస్తుంది. రెండోది కటకం సంగతి. పాత ఫిలిం లెక్కలో చెప్పాలంటే కంటి చూపుకు దగ్గరగా ఉండేది 50 మిల్లీమీటర్ల కటకం అని మా పనివాళ్లు అనుకునేవారు. ఫోనులో ఉండే ముఖ్య కటకం 24 నుంచి 28 మిల్లీమీటర్ల లెక్కది. అది వెడల్పుగా చూస్తుంది, దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం నెట్టేస్తుంది. కొన్ని ఫోన్లలో సున్నా పాయింట్ ఐదు అని ఉంటుందే, అది ఇంకా వెడల్పు. పెద్ద కొండ కదా, అంతా రావాలి కదా అని జనం దాన్నే నొక్కుతారు. కొండ ఇంకా చిన్నదైపోతుంది. ఒక పని చేయండి. దూరంగా ఉన్న కొండలు వరుస వెనక వరుసగా కనబడుతుంటే రెండో నంబరు మీదికి, అంటే రెండింతలకు పోండి. అంతకు మించి వేళ్లతో సాగదీయవద్దు. ఆ పైన చాలా ఫోన్లలో అది నిజమైన దూరదృష్టి కాదు, ఉన్న చుక్కల్నే సాగదీసి రొట్టె పల్చన చేయడం. వెడల్పు కటకం వాడితే మాత్రం మీకు దగ్గరగా ఏదో ఒకటి ఉండాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాము.

ఇప్పుడు వెలుతురు. దీని గురించి పుస్తకాల్లో చాలా రాస్తారు. మనవాళ్లకు నేర్పడం మాత్రం సులభం. ఎందుకంటే పొద్దునూ నీడనూ చూసే అలవాటు మనకు ముందే ఉంది. గడియారాలు రాకముందు పెద్దలు జొహర్‌, అస్ర్ వేళలను నీడను బట్టే కదా చూసింది! పొద్దు నడినెత్తిన ఉన్న జవాల్ వేళ నీడ కాళ్ల కిందికి చేరుతుంది. అప్పుడు కొండకు గీతలుండవు, లోయకు లోతుండదు, బండలన్నీ ఒకటే రంగు. మన జీపు ప్రయాణాలన్నీ సరిగ్గా ఆ వేళకే చేరుకుంటాయి. ఇంట్లో వంట చేసుకుని, డబ్బాలు కట్టుకుని, పదింటికి బయల్దేరి పన్నెండున్నరకు దిగుతాము. అన్నం తినడానికి ఆ వేళ మంచిదే, ఫోటోకు కాదు. తరువాత నీడ సాగుతుంది. మధ్యాహ్నం వేళ ఉన్న నీడను మినహాయించి, నీడ వస్తువుకు రెండింతలైతే హనఫీల అస్ర్ మొదలైనట్టు. అప్పుడు పొద్దు ఆకాశంలో సగం కంటె చాలా కిందికి దిగి పక్కనుంచి వెలుగు వేస్తుంది. ప్రతి రాతి పొరకూ ఒక వెలుగు వైపు, ఒక నీడ వైపు ఏర్పడతాయి. ఆ రెండూ ఉంటేనే కంటికి లోతు తెలిసేది. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా ఉన్న వేళ దృశ్యాలకు బంగారం. అట్లాగే ఫజర్ చేసుకుని బయల్దేరి పొద్దుపొడుపుకు అక్కడ ఉండగలిగితే ఆ మొదటి గంట. డిసెంబరులో గండికోట దగ్గర ఆరున్నర దాటాక గాని పొద్దు పొడవదు, అంత కష్టమేమీ కాదు.

ఇంకెంత సేపు వెలుతురు ఉందో తెలియాలంటే చెయ్యి పూర్తిగా చాచి, వేళ్లు అడ్డంగా పెట్టి, పొద్దుకూ నేల అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలు సుమారు పావుగంట. నాలుగు వేళ్లు పడితే గంట. సూటిగా సూర్యుణ్ణి చూడవద్దు, వేళ్లతో దాన్ని మూసే చూడండి. పొద్దు గూకగానే అందరూ ఫోను జేబులో పెట్టుకుని జీపెక్కేస్తారు. మగ్రిబ్ నమాజు ముగించుకుని మళ్లీ ఒకసారి ఆకాశం వైపు చూడండి. పది పదిహేను నిమిషాలు నీలమూ గులాబీ కలిసిన వెలుతురు నిలుస్తుంది. ఆ వేళలో చేయి కదలకూడదు. ఫోనును బండ మీదనో గోడ మీదనో ఆనించి, మూడు సెకండ్ల టైమరు పెట్టి వదలండి.

మా అబ్బాయి ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేశాడు. "చాచా, నా ఛుట్టీ ఎండాకాలంలో పడితే? పిల్లల్ని వేసుకుని చీకటితో పోలేను గదా?" నిజమే. సెలవు మన చేతిలో లేదు, కంపెనీ చేతిలో ఉంది. ఎండాకాలం నడిమధ్యాహ్నం పోక తప్పకపోతే కనుచూపంత దృశ్యం కోసం పాకులాడవద్దు. చెట్టు నీడలోంచి, కోటగుమ్మం లోపలి చీకట్లోంచి బయటికి చూస్తూ తీయండి. గుమ్మం నల్లగా చట్రం కట్టినట్లుంటుంది, బయట వెలుగు బొమ్మ అవుతుంది. గండికోటలో జామియా మసీదు కమానులుండగా చట్రాల కొరత లేదు. వానాకాలం ఛుట్టీ వస్తే మాత్రం అదృష్టవంతులు. వాన పడి వెలిసిన గంటలో గాలిలో దుమ్ము ఉండదు, దూరపు కొండ కూడా దగ్గరకొచ్చినట్లు కనబడుతుంది. మబ్బులున్న ఆకాశం వట్టి నీలాకాశం కన్నా వేయి రెట్లు నయం.

ఆకాశం తెల్లబారిపోవడం గురించి చెప్పాలి. నాలుగు వందల ఫోటోలూ చెడింది దీనివల్లనే. కన్ను వెలుగునూ చీకటినీ ఒకేసారి సర్దుకుని చూడగలదు, కెమెరా అంత సర్దుకోలేదు. ఎదురుగా ఉన్న మొహం చీకటిగా ఉందని ఫోను వెలుతురు పెంచుతుంది, వెనక ఆకాశం కాలిపోతుంది. కాలిపోయిన తెలుపును తరువాత ఏ యంత్రమూ తిరిగి తేలేదు. చీకటిగా ఉన్నదాన్ని మాత్రం తరువాత కొంత వెలిగించుకోవచ్చు. కనుక ఫోను తెర మీద ప్రకాశవంతంగా ఉన్న మబ్బు మీద వేలు పెట్టండి. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం కిందికి లాగండి. బొమ్మ కాస్త నల్లబడుతుంది, భయపడవద్దు. మబ్బుల అంచులు కనబడేంత వరకు లాగి తీయండి. హెచ్.డి.ఆర్. అనే ఏర్పాటు ఉంటే అది పని చేయనీయండి. అది తక్కువ వెలుగుతో, ఎక్కువ వెలుగుతో రెండు మూడు బొమ్మలు తీసి కలుపుతుంది. ఇదంతా చేయబోయే ముందు కటకాన్ని మెత్తని బట్టతో తుడవండి. నవ్వకండి! చేతికున్న నూనె, పిల్లల బిస్కట్టు వేళ్ల ముద్రలు కటకం మీద ఉంటాయి. ఎదురెండలో బొమ్మంతా పొగమంచులా రావడానికి సగం కారణం అదే.

ఆ వెలుగు లోపలికి ఎట్లా వచ్చి బొమ్మ కడుతుందో వెయ్యేళ్ల క్రితమే పరిశీలించి రాసినవాడు బస్రాలో పుట్టిన ఇబ్నె హైసమ్. కైరోలో ఉండి 'కితాబుల్ మనాజిర్' రాశాడు. చీకటి గదికి చిన్న రంధ్రం పెడితే బయటి దీపాల వెలుగు ఎదుటి గోడ మీద ఎట్లా పడుతుందో ప్రయోగాలు చేసి చూశాడు. మన పిల్లలు అట్టపెట్టెకు సూదితో బెజ్జం చేసి, ఎదుటి వైపు నూనె కాగితం అంటించి అదే పని ఇంట్లో చేయవచ్చు. వీధి తలకిందులుగా కనబడుతుంది. బొమ్మను నిలబెట్టడం మాత్రం ఫ్రాన్సులో నీయెప్స్ అనే ఆయన చేత అయింది, 1826లోనో 1827లోనో. ఈ రోజుకూ మిగిలి ఉన్న అతి పాత కెమెరా చిత్రం అదే. అది కిటికీలోంచి కనబడిన ఇళ్ల కప్పుల దృశ్యం. దానికి గంటల తరబడి వెలుగు తగలవలసి వచ్చింది. మనం ఒక బండ మీద పది నిమిషాలు ఊరికే కూర్చుని చూడలేమా?

దగ్గరగా ఏదో ఒకటి ఉండాలన్నాము కదా. గండికోట అంచుకు పోయి నిలబడి లోయను మాత్రమే తీస్తే అది లోయలా ఉండదు, గోడలా ఉంటుంది. కొలత లేదు గనుక. నాలుగడుగులు వెనక్కి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని తీస్తే ముందు పగుళ్లువారిన ఎర్రబండలు, వాటి తరువాత ఒక పొద, ఆ అవతల లోయ గోడ, దాని కింద నీటి చార, ఇట్లా కన్ను మెట్టు మెట్టుగా లోపలికి దిగుతుంది. ఇక ఆ లోయ ఎంత పెద్దదో చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఇక్కడ మన ఇళ్లలో ఒక సౌకర్యం ఉంది. ఫోటోలో మొహం పడడం ఇష్టం లేని తల్లులు, అక్కలు మనలో చాలామంది. ప్రయాణమంతా వాళ్లు ఫోటోలకు పక్కకు తప్పుకుంటూనే ఉంటారు. తరువాత చూస్తే ఆ ప్రయాణంలో వాళ్లు లేనేలేరు! అట్లా కాకుండా వాళ్లను కొండవైపు తిరిగి నిలబడమనండి, కెమెరాకు వీపు పెట్టి, ఇరవై ముప్పై అడుగుల దూరంలో. మొహం రాదు. మనిషి ఉంటుంది. ఆమె చూస్తున్నదాన్నే చూసేవాళ్లూ చూస్తారు. ఫోటో సంగతిలో పెద్దల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయని మాకు తెలుసు, ఆ చర్చకు ఇది వేదిక కాదు. కొండల బొమ్మకు, నదుల బొమ్మకు అంతగా పేచీ ఉన్నట్లు మేము వినలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే గట్టిగా చెప్పాలి. లోయ అంచున వెనక్కి నడవవద్దు. తెరను చూస్తూ ఒక్క అడుగు కూడా వేయవద్దు. అన్ని చోట్లా కంచె ఉండదు, బండలు నున్నగా ఉంటాయి, వాన పడితే మరీ. మనిషిని నిలబెట్టేటప్పుడు అంచుకు బాగా ఇవతలే నిలబెట్టండి. కింది నుంచి తీస్తే ఎట్లాగూ అంచున ఉన్నట్లే కనబడుతుంది. పిల్లల చెయ్యి పట్టుకున్నవాళ్లు ఆ సేపు ఫోటో తీయకూడదు. తీసేవాళ్లు పిల్లల బాధ్యత పెట్టుకోకూడదు. ఇది మా దగ్గర నేర్చుకునేవారికి షరతు.

నేల అంచు గీత వంకరగా ఉండకూడదు. చెరువు నీళ్లు ఒక పక్కకు ఒలికిపోతున్నట్లున్న ఫోటోలు ఎన్ని చూశామో! ఫోను అమరికల్లో గళ్లు పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. రెండు నిలువు, రెండు అడ్డం గీతలు వస్తాయి. నేల అంచును మధ్యలో పెట్టకుండా పై గీత మీదనో కింది గీత మీదనో పెట్టండి. ఆకాశం బాగుంటే దానికి రెండు వంతులు, నేల బాగుంటే నేలకు రెండు వంతులు. నీటిలో కొండ నీడ తిరగబడి కనబడుతుంటే మాత్రం మధ్యలో పెట్టినా తప్పు లేదు.

ఈ మాటలన్నీ విని అబ్బాయి తల ఊపాడు. తల ఊపితే పని రాదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టాము. "రేపు మళ్లీ గండికోట పో. పాత క్లిక్ త్రీ రీలు అనుకో. పన్నెండంటే పన్నెండే తీయి. పదమూడోది తీయవద్దు, తీసినదాన్ని అక్కడ చెరపవద్దు." అతనికి ఇది శిక్షలాగా తోచింది. మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఫజర్ తరువాత మోటారు సైకిలు మీద పోయాడు. సాయంత్రం దాకా ఉండి వచ్చాడు. పన్నెండు ఉన్నాయి. ఐదు పనికిరావు, కదిలాయి. నాలుగు ఫరవాలేదు. మూడు మంచివి. వాటిలో ఒకటి చూసి మేము కుర్చీలోంచి లేచాము. ముందు ఎర్రబండ. ఎడమ పక్క మూడో వంతు దగ్గర మేనల్లుడు మోకాళ్లు కట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. అవతలి గోడ మీద వెలుతురు వాలి, రాతి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన జొన్నరొట్టెల్లా లెక్కపెట్టేటట్లున్నాయి. కింద నీళ్లు. పైన ఆకాశం సన్నటి పట్టీ అంతే. ఇంత ఎట్లా కుదిరిందని అడిగితే "ఎనిమిదే మిగిలాయని ఊరికే ఖర్చు చేయబుద్ధి కాలేదు చాచా. గంటసేపు అట్లా కూర్చుని చూస్తే పొద్దు అక్కడికి వచ్చింది" అన్నాడు.

దాన్ని పన్నెండంగుళాల వెడల్పున అచ్చు వేసి ఇచ్చాము. వాళ్లమ్మ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, వేలు పెట్టి నీటి చారను తాకి, "పెన్నమ్మ ఇంత లోపల ఉందా" అందట. ఆమె పుట్టిల్లు అదే నది ఒడ్డున ఇంకొంచెం దిగువన. పెన్నాను మైదానంలోనే చూసిన మనిషి ఆమె. కొడుకు ఇంకొక ప్రతి తీసుకుని జనవరిలో విమానం ఎక్కాడు.

దూరం పోయేవారికి రెండు మూడు మాటలు. విశాఖ నుంచి అరకు రైలులో చాలామంది పోతారు. దారిలో యాభైకి పైగా సొరంగాలు, మధ్యమధ్యలో ఒక్కసారిగా తెరుచుకునే లోయలు. 2017లో దానికి పెద్ద అద్దాలున్న ప్రత్యేక పెట్టె కూడా తగిలించారు. అద్దంలోంచి తీసేటప్పుడు ఫోనును అద్దానికి పూర్తిగా ఆనించండి, చుట్టూ చేతిరుమాలు పెట్టండి, లేకపోతే మీ చొక్కా నీడే లోయలో తేలుతుంది. ఫ్లాషు వెలగకుండా చూసుకోండి. మామూలు పెట్టెలో కిటికీ తెరిచి ఉన్నా చెయ్యి బయట పెట్టవద్దు, సొరంగం గోడ దగ్గరగా ఉంటుంది. నవంబరు, డిసెంబరులలో అరకు వైపు వలిసె పూలు పసుపు పరిచినట్లు పూస్తాయి. అవి పూలతోట కాదు, గిరిజన రైతుల నూనెగింజల పంట అని గుర్తుంచుకోండి. ఫోటో కోసం నడి చేలోకి పోతే తొక్కినంతమేరా గింజ పోయినట్లే. గట్టు మీద కూర్చుని, ఫోనును పూల ఎత్తుకు దించి తీస్తే చేను నడుమ ఉన్నట్లే వస్తుంది. కొన్నిచోట్ల రైతులు లోపలికి రానిచ్చి కొద్ది డబ్బు అడుగుతారు. బేరమాడకండి. అక్కడి మనుషులను తీయాలనుకుంటే ముందు అడగండి. మన ఇంటి ఆడవాళ్ల ఫోటో ఎవరో దారినపోయేవాళ్లు తీస్తే మనం ఊరుకుంటామా?

జలపాతాల దగ్గర నీరు పట్టుతెరలా రావాలని పిల్లలు అడుగుతారు. అందుకు తెర చాలాసేపు, అర సెకండో సెకండో తెరిచి ఉండాలి. ఫోనును కదలకుండా బండకు ఆనించాలి. మబ్బు పట్టిన వేళ అయితేనే కుదురుతుంది, ఎండలో తెల్లబారిపోతుంది. కుంతాల లాంటి చోట్ల వాన రోజుల్లో రాళ్లు జారుతాయి, నీళ్లు హఠాత్తుగా పెరుగుతాయి. దూరంగానే ఉండండి. ఇది ఇంతకన్నా వివరంగా మరొకసారి.

చివరి సంగతి దాచుకోవడం. మా దుకాణానికి వచ్చేవారిలో కొత్త ఫోటోలు అచ్చు వేయించుకునేవారికన్నా, పోయిన ఫోటోలు తిరిగి తెప్పించగలమా అని అడిగేవారే ఎక్కువైపోయారు. ఫోను నీళ్లలో పడింది, పోయింది, పిల్లవాడు చెరిపేశాడు. తండ్రి చివరిసారి అందరితో కలిసి పోయిన ప్రయాణం అందులోనే ఉంది. కొన్నిసార్లు మేము ఏమీ చేయలేక పంపేస్తాము, ఆ రోజంతా మాకు పని మీద మనసు పోదు. తిరిగి వచ్చిన వారంలోపల రెండు చోట్ల ప్రతులు పెట్టుకోండి. ఒకటి ఇంట్లో కంప్యూటరులోనో డ్రైవులోనో, ఇంకొకటి వేరే మనిషి దగ్గర. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ బాగా కుదించుకుపోతుంది. 2023లో హెచ్.డి. అని ఒక వీలు పెట్టారు, అది నయం గాని అదీ పూర్తి సైజు కాదు. అచ్చుకు పంపేటప్పుడు డాక్యుమెంటు అనే దారిలో పంపండి. అప్పుడు తీసింది తీసినట్లు చేరుతుంది. నాలుగు వందల్లోంచి పది ఏరండి. ఏరడం ఒక్కరు చేయవద్దు, ఇంట్లో అందరూ కూర్చుని ఏరండి, ముఖ్యంగా ప్రయాణానికి రాలేకపోయినవాళ్లు. ఏది ఉండాలో వాళ్లకే బాగా తెలుస్తుంది. ఆ పదీ కాగితం మీదికి ఎక్కించి, వెనక పెన్సిలుతో ఊరు, తేదీ, ఎవరెవరున్నారో రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు గీతలు లేస్తాయి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఈ హాలు వెనక మైదానంలో రెండు వేపచెట్లు, ఆ అవతల గుట్ట ఉన్నాయి. అస్ర్ నమాజు తరువాత మేము అక్కడ ఉంటాము. ఫోన్లున్న పిల్లలు, పెద్దలు, తల్లులు ఎవరైనా రావచ్చు. ఒక్కొక్కరికి పన్నెండు బొమ్మలు మాత్రమే. కటకం తుడుచుకోవడానికి తలా ఒక మెత్తని గుడ్డ తెచ్చుకోండి.